ఏకగ్రీవమైన ఊళ్లో స్వేచ్ఛ ఉన్నట్టా, పోయినట్టా?

పెన్న_గట్టు

పంచాయతీ ఎన్నికలు అనేసరికి పేపర్లో ఒక వార్త ఖాయం. "ఫలానా గ్రామం ఏకగ్రీవం, ఊరంతా ఒక్క మాట మీద." పక్కనే దండలేసుకున్న ఫొటో. నాకు అర్థం కానిది ఇదీ. ఒక్క నామినేషనే మిగిలింది, ఓటు పడలేదు. ఎవర్నీ ఎవరూ కొట్టలేదు. బూతు దగ్గర ఆపలేదు, అసలు బూతే పెట్టలేదు. అట్లాంటప్పుడు ఆ ఊరి జనానికి రాజకీయ స్వేచ్ఛ ఉన్నట్టా, పోయినట్టా? పోయిందంటే తీసుకున్నదెవరు? పోలేదంటే, ఐదేళ్లకోసారి వచ్చే ఓటు వాడకుండానే మురిగిపోయింది గదా, దాన్ని ఏమనాల? రాజనీతి శాస్త్రం చదివినోళ్లూ, ఎన్నికల రూల్సు తెలిసినోళ్లూ ఇద్దరూ చెప్పండి. పార్టీల పేర్లు, ఊర్ల పేర్లు తేవద్దు, చర్చ మూసేస్తారు.

కొండారెడ్డి_బురుజు

ఇందులో పోయిందేముంది? తత్వవేత్త ఐజయా బెర్లిన్ 1958లో ఆక్స్‌ఫర్డ్ ఉపన్యాసంలో చెప్పిన లెక్క ప్రకారం, ఇంకో మనిషి నన్ను కావాలని అడ్డుకోకపోతే నేను స్వేచ్ఛగా ఉన్నట్టే. నామినేషన్‌కు ఏమి కావాల? మన ఆంధ్రప్రదేశ్‌లో 2021లో సర్పంచికి డిపాజిట్ 3000, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 1500. వార్డుకు 1000, 500. ప్రతిపాదించే మనిషి ఒకడు. తలుపు బార్లా తెరిచి పెట్టినారు, లోపలికి పోలేదంటే అది వాళ్ల ఇష్టం. ఇష్టాన్ని కూడా బలవంతం అంటే ఎట్లప్పా? పైగా సీమలో పోటీ అంటే ఏమో అందరికీ తెలుసు. పోలింగు ఒక్క పూట, కేసులు పదేళ్లు.

రాగి_సంగటి

తలుపు తెరిచే ఉండాది సామీ. గడపలో కుక్క పండుకోనుండాది.

ఉగ్గాని_బజ్జీ

పై మాటకు వంద దండాలు. ఇంక చర్చ మూసేయొచ్చు.

గండికోట_గాలి

మూయొద్దు, ఆ కుక్క గురించే మాట్లాడాల.

బురుజన్న లెక్కలో కుక్క కరిస్తేనే స్వేచ్ఛ పోయినట్టు. దీనికి ఎదురు నిలబడిన వాదం రాజనీతి పండితులు ఫిలిప్ పెటిట్‌ది (1997), క్వెంటిన్ స్కిన్నర్‌ది (1998). వాళ్లు రోమన్ల కాలం నాటి బానిసను ముందు పెడతారు. యజమాని దయగలవాడు, ఒక్క దెబ్బ కొట్టడు, ఎక్కడికి పోతానన్నా పొమ్మంటాడు. అడ్డుకోవడమే కొలమానమైతే ఈ బానిస స్వేచ్ఛాజీవి. కానీ వాణ్ణి స్వేచ్ఛాజీవి అనడానికి మనకు నోరు రాదు. ఎందుకంటే యజమాని మనసు మారితే ఆపే నాథుడు లేడు. ఆ సంగతి బానిసకు తెలుసు, అందుకే పొద్దున లేస్తే ఆయన మొహం చూసి నడుచుకుంటాడు. కాబట్టి అడగాల్సింది "అడ్డుకున్నాడా" అని కాదు, "ఎవరికీ జవాబు చెప్పకుండా అడ్డుకోగలడా" అని.

ఇప్పుడు ఊరికి రండి. కౌలు చేసే భూమి ఒకాయనది. ఎరువుల అంగట్లో అప్పు ఆయన మాట మీద పుడతాది. పక్క చేనికి బోరు నీళ్లు ఆయనే వదలాల. ఉపాధి పనికి ఎవర్ని పిలవాల, పింఛను జాబితాలో ఎవరి పేరు ముందు పెట్టాల, అన్నీ ఆయన్ని అడిగే. స్టేషన్లో మాట చెల్లేది ఆయనకే. ఆయన ఎవర్నీ ఏమీ అనలేదు నిజమే. అనాల్సిన అవసరమే రాలేదు. నామినేషన్ల నాడు ఊరంతా ఇండ్లలోనే కూర్చుంటే అది ఇష్టమో కాదో బెర్లిన్ కొలబద్దకు అందదు.

బెర్లిన్ పక్కన కూడా ఒక మాట చెప్పాల. కోరిక నెరవేరడమే స్వేచ్ఛ అనుకుంటే, కోరికను చంపుకున్నోడు అందరికంటే స్వేచ్ఛాపరుడైపోతాడు, అది తప్పు అని 1969లో ఆయనే దిద్దుకున్నాడు. ఎన్ని తలుపులు తెరిచి ఉన్నాయి అనేదే లెక్క, నీకు పోవాలని ఉందా లేదా కాదు. కాబట్టి "మాకెందుకులే సర్పంచిగిరీ" అన్నోళ్ల మాటను సాక్ష్యంగా తెచ్చేది కుదరదు.

చిత్రావతి

ఆ చివరి ముక్కకు మనకు సామెతే ఉంది గదా, అందని ద్రాక్ష పుల్లన. నార్వే పండితుడు యాన్ ఎల్‌స్టర్ 1983లో దీన్నే పట్టుకోని పుస్తకం రాసినాడు. దొరకదని తెలిసినదాన్ని వద్దనుకోవడం మనసుకు అలవాటు. అట్లా పుట్టిన "వద్దు"ను ఒప్పుదల కింద రాసుకోకూడదు.

హంద్రీ_ఒడ్డు

గండికోట అన్నకు ఒక చిక్కు. ఇంగ్లీషు తత్వవేత్త హాబ్స్ 1651లోనే భయమూ స్వేచ్ఛా కలిసి ఉండగలవు అన్నాడు. పడవ మునుగుతుందని భయపడి సరుకు సముద్రంలో పారేసినోడు తన ఇష్టంతోనే పారేసినాడు, వద్దనుకుంటే మానుకునేవాడు. నామినేషన్ వెనక్కి తీసుకున్నోడూ అంతే. భయంతో చేసుకున్న ఒప్పందం కూడా చెల్లుతుందన్నది ఆయన మాట. దీనికేమంటారు?

గండికోట_గాలి

ఆ పడవ కథ అరిస్టాటిల్‌ది. ఆయన అంత సులువుగా వదల్లేదు. దాన్ని కలగలుపు పని అన్నాడు: ఆ క్షణాన ఎంచుకున్నదే, కానీ తుఫాను లేకుంటే బుద్ధున్నోడెవడూ ఎంచుకోనిది. ఇంకొకటి, తుఫానుకు మనసు లేదు. ఇక్కడ తుఫానుకు పేరుండాది, ఇంటి నంబరుండాది.

రాగి_సంగటి

ఆధార్ కార్డు కూడా.

కేసీ_కాలువ

తత్వం సంగతి మీరు తేల్చుకోండి, చట్టం మాత్రం హాబ్స్ మాట ఒప్పుకోలేదు. భారతీయ న్యాయ సంహిత 169వ సెక్షన్‌లో "ఎన్నికల హక్కు" అంటే ఏమో నిర్వచనం ఉంది. చాలామంది అది ఓటు వేసే హక్కు ఒక్కటే అనుకుంటారు. కాదు. అభ్యర్థిగా నిలబడే హక్కు, నిలబడకుండా ఉండే హక్కు, వెనక్కి తగ్గే హక్కు, ఓటు వేసే హక్కు, వేయకుండా ఉండే హక్కు, ఇన్నీ అందులో ఉన్నాయి. 170 ప్రకారం వీటిలో దేన్ని వాడుకునేందుకైనా లాభం ఎర చూపితే లంచం. 171 ప్రకారం వీటిలో దేనికి స్వేచ్ఛగా వాడుకోకుండా అడ్డుపడినా, అడ్డుపడబోయినా అనుచిత ప్రభావం. బెదిరింపు ఓటరుకే కాదు, అభ్యర్థికి గానీ, వాళ్లకు కావలసినోళ్లకు గానీ ఇచ్చినా చాలు. దేవుడి ఆగ్రహానికి గురవుతావని నమ్మించినా అదే కిందికి వస్తాది. శిక్షలు 173, 174లో, ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీలో ఇవే 171ఎ నుంచి 171ఎఫ్ దాకా ఉండేవి.

అంటే "నీకు రెండు లక్షలు, తగ్గిపో" అనేది పెద్దమనుషుల ఒప్పందం కాదు, నేరం. ఇచ్చినోడిదే కాదు, తీసుకున్నోడిది కూడా.

ఉగ్గాని_బజ్జీ

మరి రచ్చకట్ట మీద వేలం పెట్టి, పాడుకున్న డబ్బు గుడికి ఇస్తే? అప్పుడు ఏ1 పాడినోడు, ఏ2 దేవుడా?

కేసీ_కాలువ

దేవుణ్ణి వదిలేయ్ సామీ. సెక్షన్ చదివితే లాభం ఎవరికి ముట్టింది అనేదానికంటే ఎందుకు ఇచ్చినారు అనేది ముఖ్యం. "ఎవరికైనా" ఇచ్చి, వాళ్లను గానీ ఇంకొకర్ని గానీ ఒక రకంగా నడిపించాలని చూస్తే చాలు. మిగతావాళ్లు నామినేషన్ వేయకూడదనే షరతు మీద వేలం పాడినారు గదా, ఆ షరతే పట్టిస్తాది. ఆచరణలో నిలబడనిది ఎక్కడంటే సాక్ష్యం దగ్గర. వేలానికి కాగితం ఉండదు, గుడికి విరాళం రసీదు మాత్రం ఉంటాది. అందరూ భక్తులే.

చిత్రావతి

వేలంలో నేరం ఒక్కటే కాదు, అన్యాయం కూడా ఉంది, రెండూ వేరు. అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్ (1971) మిగతా స్వేచ్ఛలకు లేని ఒక అదనపు హామీ రాజకీయ స్వేచ్ఛలకు అడిగినాడు. హక్కు కాగితం మీద సమానంగా ఉంటే చాలదు, దాని విలువ కూడా ఇంచుమించు సమానంగా ఉండాల. డబ్బున్నోడికీ లేనోడికీ పదవి అందుకునే అవకాశం ఒకే తీరుగా ఉండాల. అందుకే ఖర్చుకు పరిమితి. 2021లో సర్పంచి అభ్యర్థికి 10 వేలు దాటిన జనాభా ఉన్న పంచాయతీలో 2.5 లక్షలు, మిగతా చోట 1.5 లక్షలు. పోటీ జరిగితే ఇది దాటకూడదు. వేలానికి ఏ పరిమితీ లేదు. పోటీ మానుకుంటే డబ్బు అడ్డూ ఆపూ లేకుండా మాట్లాడొచ్చు, అదీ విడ్డూరం.

పెన్న_గట్టు

మంచి పాయింట్. మరి సర్కారే ఏకగ్రీవానికి నజరానా ఇస్తే? అదీ 170 కిందికి వస్తుందా?

కేసీ_కాలువ

రాదు. ప్రభుత్వ విధానం ప్రకటించడం, ప్రజాపనులకు హామీ ఇవ్వడం లంచం కాదని ఆ సెక్షన్‌కే మినహాయింపు ఉంది. 2021లో ప్రకటించినవి: 2000 లోపు జనాభాకు 5 లక్షలు, 5000 లోపు 10, 10 వేల లోపు 15, ఆపైన 20. డబ్బు పంచాయతీకి, మనిషికి కాదు. ఇది ఇక్కడే పుట్టింది కాదు, గుజరాత్‌లో 2001 నుంచి సమరస్ పేరుతో ఉంది.

ఉగ్గాని_బజ్జీ

2000 మందికి 5 లక్షలు. తలకు 250. ఐదేళ్లకు పంచితే ఏడాదికి 50. ఓటు విలువ ఉగ్గాని ప్లేటు, పైన రెండు బజ్జీలు. నా పేరు సార్థకమయింది.

చిత్రావతి

నవ్వులాట కాదు గానీ, ఇక్కడ అమెరికా తత్వవేత్త రాబర్ట్ నోజిక్ 1969లో బలవంతం గురించి వేసిన ప్రశ్న పనికొస్తాది. ఆశ చూపడానికీ బెదిరించడానికీ తేడా ఎట్ల కనిపెట్టాల? మామూలుగా నాకు రావలసింది ఏమో ముందు గీత గీయాల. ఆ గీతకు పైన ఇస్తే ఆశ, గీత కిందికి తోస్తే బెదిరింపు. పంచాయతీకి మామూలుగా వచ్చే నిధులు సరిగ్గా వస్తూ, పైన 5 లక్షలు వస్తే అది ఆశే. మామూలు నిధులే అరకొరగా వచ్చే ఊళ్లో, మోరీ కట్టుకోవడానికి ఈ 5 లక్షలు తప్ప దారి లేకుంటే? పేరు నజరానా, పని బెదిరింపుది. పైగా ఆ ఊళ్లో నామినేషన్ వేసినోడు ఒక్కసారిగా "ఊరి డబ్బు పోగొట్టినోడు" అయితాడు. సర్కారు ఎవర్నీ బెదిరించకుండానే ఊరి చేత ఊరిని బెదిరింపజేసినట్టు.

కొండారెడ్డి_బురుజు

అందరూ ఒక్కవైపే తోస్తాండారు, రవంత ఇటు చూడండి. ప్రజాస్వామ్యం అంటే పోటీ ఒక్కటేనా? తత్వవేత్త రూసో 1762లో 'సామాజిక ఒడంబడిక' పుస్తకంలో ఏమన్నాడు? సభలో అభిప్రాయాలు ఎంతగా ఏకమైతే సర్వజన సంకల్పం అంత బలంగా ఉన్నట్టు. పొడుగు వాదోపవాదాలు, గొడవలు ముదిరితే స్వార్థాలు పైకొచ్చి రాజ్యం దిగజారుతున్నట్టు. ఊరు కూర్చోని మాట్లాడుకోని ఒక మనిషిని ఎంచుకుంటే అది పోలింగు కంటే మెరుగైన ప్రజాస్వామ్యం ఎందుకు కాకూడదు?

గండికోట_గాలి

అన్నా, అదే అధ్యాయంలో తర్వాతి పేరా చదవలేదా? నాలుగో భాగం రెండో అధ్యాయం. చక్రం తిరిగి అవతలి కొసకు పోతే మళ్లీ ఏకాభిప్రాయం వస్తాది అంటాడు. జనం దాస్యంలో పడి స్వేచ్ఛా లేక, సంకల్పమూ లేక పోయినప్పుడు భయమూ ముఖస్తుతీ కలిసి ఓటును జేజేలుగా మార్చేస్తాయి, అప్పుడు చర్చ ఉండదు, పూజో తిట్టో మిగులుతాది. రూసో దగ్గరే రెండు ఏకగ్రీవాలు ఉండాయి. పేపర్లో రెండింటికీ ఒకటే ఫొటో.

లేపాక్షి_బసవన్న

ఏకగ్రీవం అంటే పదం విడదీస్తే ఒకటే మెడ. రోమ్ చక్రవర్తి కాలిగులా జనం మీద కోపమొచ్చి "రోమ్ ప్రజలందరికీ ఒకటే మెడ ఉంటే బాగుండు" అన్నాడంట, ఒక్క వేటుకు పోతాదని. సర్కారు పదకోశం రాసినోళ్లకు ఇది తెలిసి పెట్టినారా, తెలియక పెట్టినారా?

రాగి_సంగటి

బసవన్నా, రాత్రికి నిద్ర పట్టకుండా చేసినావు.

తుంగభద్ర_దిగువ

ఊరు కూర్చోని మాట్లాడుకుంటుంది అన్నారు. ఆ కట్ట మీద కూర్చునేదెవరు, నిలబడేదెవరు? ఇది అడక్కుండా రూసో దాకా పోతే లాభం లేదు. అంబేద్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ఊరిని స్థానికతత్వపు మురికిగుంట అన్నది ఊరికే కాదు.

తమిళనాడు మదురై జిల్లాలో పాప్పాపట్టి, కీరిపట్టి, నాట్టార్‌మంగళం పంచాయతీలు 1996లో దళితులకు రిజర్వు అయినాయి. పదేళ్ల పాటు ఎన్నిక పెట్టినప్పుడల్లా నామినేషన్ రాకపోవడమో, గెలిచినోడు వెంటనే రాజీనామా చేయడమో. ఆధిపత్య కులం చెప్పినోణ్ణి నిలబెట్టి, గెలిపించి, ఆ వెంటే దింపేది. 2006లో గానీ ఎన్నికైనవాళ్లు పదవిలో నిలవలేదు. ఇందులో ఒక్కో రాజీనామా కాగితం చూస్తే సొంత సంతకం, సొంత ఇష్టం. బురుజన్న తలుపు కొలతకు ఇదంతా స్వేచ్ఛే.

రిజర్వుడు స్థానంలో ఏకగ్రీవం అయితే మొదట చూడాల్సింది డిపాజిట్ ఎవరు కట్టినారు, చెక్ పవర్ ఎవరి ఇంట్లో ఉంటాది అని. మహిళా స్థానాలకూ అదే.

కొండారెడ్డి_బురుజు

దిగువ అన్న చెప్పినది కాదనలేను. తలుపు కొలత ఒక్కటే చాలదు, ఒప్పుకుంటా. కానీ నా రెండో మాటకు ఎవరూ జవాబియ్యలేదు. పోటీ వల్ల తలలు పగిలే ఊళ్లో రెండు వర్గాలు రాజీపడి ఒకర్ని పెట్టుకుంటే ప్రాణాలు నిలుస్తాయి. ప్రాణం కంటే ఓటు పెద్దదా?

హంద్రీ_ఒడ్డు

ఈసారి నేను బురుజన్న పక్క. శాంతి లేనిచోట న్యాయం మాట్లాడటానికి మనిషి మిగలాల గదా.

గండికోట_గాలి

అది గట్టి వాదమే, తోసేయను. రాల్స్ 1993లో దీని గురించి రాసినాడు. రెండు వర్గాలు బలాబలాలు చూసుకోని కుదుర్చుకున్నది తాత్కాలిక సర్దుబాటు. రెండు వర్గాలూ ఎవరి కారణాలతో వాళ్లు న్యాయమే అని ఒప్పుకున్నది వేరు. మొదటిదానికి ఆయుష్షు బలం సరిసమానంగా ఉన్నంతకాలమే. ఒకవైపు ఒక పెద్దతల పోయినా, ఒక పెండ్లితో చుట్టరికం మారినా రాజీ చెదురుతాది. అప్పుడు ఐదేళ్ల కింద ఆగిన గొడవ వడ్డీతో వస్తాది. ఇంకొకటి, ఆ రాజీలో మూడోవాళ్లు ఉండరు. రెండు వర్గాలకీ చెందని ఇండ్లు ఊళ్లో ఎన్ని ఉంటాయి? వాళ్ల ఓటును ఇద్దరూ కలిసి పంచుకున్నారు.

కేసీ_కాలువ

రాజీల్లో మామూలుగా ఉండే షరతు "రెండున్నరేళ్లు నువ్వు, రెండున్నరేళ్లు నేను". దీన్ని నమ్మి తగ్గేవాళ్లు ఒకటి తెలుసుకోవాల. ఆ ఒప్పందం ఏ కోర్టులోనూ నిలబడదు. సర్పంచి నేరుగా ఎన్నికైనోడు, అతని మీద అవిశ్వాసం పెట్టే వీలు మన 1994 పంచాయతీరాజ్ చట్టంలో లేదు. 245వ సెక్షన్ అవిశ్వాసం ఉపసర్పంచికి, మండల, జిల్లా అధ్యక్షులకు, ఉపాధ్యక్షులకే. సర్పంచిని తీసేసేది 249 కింద కలెక్టర్, అదీ విధుల్లో తప్పు చేస్తే. మాట తప్పడం ఆ సెక్షన్‌లో తప్పు కాదు. కాబట్టి రెండున్నరేళ్ల తర్వాత జరిగేది రాజీనామానా, రచ్చనా అన్నది పూర్తిగా ఆయన దయ. గండికోట అన్న చెప్పిన దయగల యజమాని మళ్లీ వచ్చినాడు చూడండి.

చిత్రావతి

అమర్త్య సేన్ మాట ఒకటి. ఆదివారం పూట కిమ్ అనే అతను ఇంట్లోనే ఉందామనుకుంటాడు. అంతలో దుండగులు వచ్చి "బయటికి పోతే చంపుతాం" అని ఇంట్లోనే కూర్చోబెడతారు. ఫలితం ఒకటే, అతను ఇంట్లోనే ఉన్నాడు, ఉండాలనే అనుకున్నాడు. అయినా ఏదో పోయింది. ఫలితాన్నీ, ఫలితం వచ్చిన దారినీ విడదీసి చూడకూడదు అంటాడు సేన్. పోటీ పెట్టినా ఆయనే గెలిచేవాడు అనేవాళ్లకు ఇదే జవాబు. గెలిచేవాడే కావొచ్చు. గెలిపించిన ఊరు వేరు, ఓడించడానికి వీలే లేని ఊరు వేరు.

పెన్న_గట్టు

ఒక్క అభ్యర్థే ఉన్నా పోలింగు పెట్టి, నోటాతో పోటీ పెడితే?

కేసీ_కాలువ

అది ఇప్పటికే సుప్రీంకోర్టు దాకా పోయింది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 53(2), ఒక్కడే మిగిలితే ఎన్నికైనట్టు ప్రకటించాలనేది. దాన్ని సవాలు చేసినారు. 2013 నోటా తీర్పులో కోర్టు, అభ్యర్థులెవరూ నచ్చలేదని చెప్పడం కూడా భావ ప్రకటనే అంది. మరి పోలింగే లేకుంటే ఆ ప్రకటన ఎక్కడ చేయాల అనేది వాదం. 2024లో సూరత్ లోక్‌సభ స్థానం ఇట్లనే పోలింగు లేకుండా తేలింది. ఇంకో దారి, 2018లో మహారాష్ట్ర, హర్యానా రాష్ట్ర ఎన్నికల సంఘాలు స్థానిక ఎన్నికల్లో నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు వస్తే మళ్లీ ఎన్నిక పెట్టాలని ఆదేశాలిచ్చినాయి.

రాగి_సంగటి

నోటాకు కూడా విత్‌డ్రా ఫారం తెస్తారు సామీ మనోళ్లు.

తుంగభద్ర_దిగువ

నోటా పెట్టినా చిన్న వార్డుల్లో రహస్యం ఎంత? రెండు మూడు వందల ఓట్ల వార్డులో లెక్క తేలంగానే ఏ వీధి ఎటు పడిందో సాయంత్రానికి తెలిసిపోతాది. బ్యాలెట్ కాగితాలు వాడే ఎన్నికల్లో బూతుల వారీగా కాకుండా కలిపి లెక్కపెట్టే నియమం ఉంది (ఎన్నికల నిర్వహణ నియమాల్లో 59ఎ). ఈవీఎంలకు 14 బూతులు కలిపి లెక్క చూపే టోటలైజర్ అనే యంత్రం లా కమిషన్ 2015లో సిఫారసు చేసినా అమల్లోకి రాలేదు. రహస్యం అంటే మనిషిది ఒక్కటే కాదు, వీధిది కూడా.

హంద్రీ_ఒడ్డు

స్వేచ్ఛ మీద అంత రాసిన ఇంగ్లీషు తత్వవేత్త మిల్ మాత్రం 1861లో రహస్య ఓటు వద్దన్నాడు. ఓటు సొంత ఆస్తి కాదు, నలుగురి తరఫున చేసే పని, నలుగురి ముందే చేయాలని. ఆయన ఎరువుల అంగట్లో అప్పు పెట్టి ఉండడు.

మోడరేటర్

ఇంతవరకు ఎవరూ పార్టీ పేరు ఎత్తలేదు. రికార్డు. కొనసాగించండి.

కొండారెడ్డి_బురుజు

సరే, ఏది నిజమైన ఏకగ్రీవమో ఎట్ల గుర్తు పట్టాల? పనికొచ్చేది చెప్పండి.

కేసీ_కాలువ

తేదీల పట్టిక ముందు పెట్టుకోండి. 2021 మొదటి విడత: జనవరి 29 నుంచి 31 దాకా నామినేషన్లు, ఫిబ్రవరి 1న పరిశీలన, 2న అప్పీళ్లు, 3న వాటి మీద తీర్పు, 4న మధ్యాహ్నం 3 గంటల దాకా ఉపసంహరణ, 9న పోలింగు. నామినేషనే ఒక్కటి పడితే ఊరు ముందే మాట్లాడుకోని ఉండొచ్చు, మొదట్నుంచే భయపడి ఉండొచ్చు, కాగితం చూసి చెప్పలేం. నాలుగైదు పడి, పరిశీలనలో అన్నీ నిలబడి, చివరి రోజు 2 గంటల తర్వాత వరసగా ఉపసంహరణలు వస్తే అనుమానించాల్సిందే. పరిశీలనలోనే ఒకవైపువి అన్నీ కొట్టేస్తే అది ఇంకో రకం. కొట్టేసిన కారణం రాతపూర్వకంగా అడిగి తీసుకోవాల, అప్పీలుకు ఉన్నది ఒక్క రోజే.

సర్పంచి ఏకగ్రీవమై వార్డుల్లో పోటీ జరిగితే కొంత ఊపిరి ఉన్నట్టు. అన్నీ ఏకగ్రీవమైతే రెండుసార్లు చూడాల. వరసగా మూడు నాలుగు ఎన్నికలు ఏకగ్రీవం, ప్రతిసారీ అదే ఇల్లు అయితే నాకు వేరే పరీక్ష అక్కర్లేదు.

గండికోట_గాలి

నా పరీక్ష ఇంకా చిన్నది. ఫలితం వచ్చిన వారానికి గ్రామసభలో ఒకడు లేచి "మోరీ లెక్క చూపించు" అని అడగగలడా? అడిగిన మర్నాడు వాడి చేనికి నీళ్లు వస్తాయా?

పెన్న_గట్టు

ఒకటే మిగిలింది. అభ్యర్థికి తెలియకుండా ఎవరో ఉపసంహరణ కాగితం ఇస్తే?

కేసీ_కాలువ

1951 చట్టం 37వ సెక్షన్‌లో ఉపసంహరణ నోటీసు మీద అభ్యర్థి సంతకం ఉండాల. దాన్ని అభ్యర్థి అయినా, ఆయన రాతపూర్వకంగా అధికారమిచ్చిన ప్రతిపాదకుడో ఏజెంటో అయినా ఇవ్వాల. ఒకసారి ఇచ్చిన నోటీసు రద్దు చేసుకునే వీలు లేదు. పంచాయతీ నియమాల పోకడా ఇదే. దొంగ సంతకం అయితే ఆ గంటలోనే ఎన్నికల అధికారికీ, పరిశీలకుడికీ రాసిచ్చి రసీదు తీసుకోవాల. ప్రకటన అయిపోయిందంటే రాజ్యాంగం 243ఓ అధికరణం అడ్డు, మామూలు దావా నడవదు. పంచాయతీరాజ్ చట్టం 233 కింద ఎన్నికల పిటిషనే దారి, ఫలితం ప్రకటించిన 30 రోజుల్లోపు. ఊరి పంచాయతీకైతే ట్రైబ్యునల్ జూనియర్ సివిల్ జడ్జి కోర్టులోనే.

రాగి_సంగటి

ఆ రోజు 3 దాకా అభ్యర్థి ఫోను స్విచాఫ్ చేయకుండా ఉండాల. ఫోను కలిస్తేనే గదా సంతకం ఎవరిదో తెలిసేది.

ఉగ్గాని_బజ్జీ

స్విచాఫ్ చేసి బంధువుల ఊరికి పోయేదే నయం అంటారు కొందరు. మనిషి దొరకకుంటే సంతకం ఎక్కడిది?

కేసీ_కాలువ

పోతే ప్రతిపాదకుణ్ణి కూడా వెంట తీస్కపోవాల. ముందే ఖాళీ కాగితం మీద అధికార పత్రం రాయించుకోని ఉంటే మాత్రం ఎంత దూరం పోయినా ఒకటే.